అరగంట ముట్టడి

ఆ శనివారం పొద్దున చరిత్ర మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి తను తయారుచేసిన ఆట పెట్టెలన్నీ బండికెత్తించుకుని బొమ్మల దుకాణం చేరడం, దాన్ని నడిపే అన్నదమ్ములిద్దరిచేతా ఆ ఆట ఒక్కసారి ఆడించడం, పెట్టెలు వాళ్ళకు అప్పగించి భోజనం వేళకు ఇల్లు చేరడం. "ఇవాళ్టితో నీ ఆస్పత్రి గది ఖాళీ చేయిస్తాను," అని భార్యకు మాట కూడా ఇచ్చాడు. ఆవిడ పళ్ళ డాక్టరు. కొన్ని నెలలుగా ఆవిడ దగ్గరికొచ్చే పంటినొప్పి వాళ్ళు ఆ పెట్టెల మీదే కూచుని బుగ్గలు పట్టుకుంటున్నారు.

ఎప్పుడో ఎనిమిది నెలలు సాగిన ఒక కోట ముట్టడిని మాస్టారు మూడేళ్ళు కష్టపడి ఇద్దరాడుకునే ఆటగా కుదించాడు. ఒకరు కోట లోపల, ఒకరు బయట. బయటివాడు కోటలో అడుగుపెడితే గెలిచినట్టు. వంతెన మీదుగా నది దాటి వెనక్కి పోతే ఓడినట్టు. పెట్టె మీద "అరగంటలో తేలిపోతుంది!" అని పెద్ద అక్షరాలతో అచ్చు వేయించాడు. ఊరికే వేయించలేదు. రోజూ భోజనాలయ్యాక భార్యతో ఆడి చూశాడు. ఒక్కసారీ అరగంట దాటలేదు. ఒక్కసారీ ఆయన ఓడలేదు.

దుకాణంలో తమ్ముడు కోట తీసుకున్నాడు. అన్న చుట్టూ సైన్యాన్ని దించాడు.

"తలుపు తీసి బయటికి రారా, చూద్దాం."

"నేనెందుకొస్తాను అన్నయ్యా? లోపల హాయిగా ఉంది. ఈ వంతుకి ఆగాను."

"అయితే నేనూ ఆగాను. మాస్టారూ, ఎన్నిసార్లయినా ఆగొచ్చా?"

మాస్టారు నియమాలన్నీ మనసులో తిరగేశాడు. ఆగకూడదని ఎక్కడా రాయలేదు. రాయాల్సిన అవసరం ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

"ఆగొచ్చు," అన్నాడు నీరసంగా.

ఆగారు. బొమ్మరైలు కొనడానికి వచ్చినాయన ధర అడిగితే, "యుద్ధం అవనీండి," అన్నాడు అన్న. గుమాస్తా బేరాలు వదిలేసి అన్న వెనక చేరాడు. రైలాయన తమ్ముడి వెనక చేరాడు. లోపలేదో తగాదా జరుగుతోందని వీధిలోవాళ్ళు తొంగిచూశారు. చూసినవాళ్ళు చూసినట్టే ఏదో ఒక పక్షం పట్టారు.

"వీడు చిన్నప్పుడూ ఇంతే," అన్నాడు అన్న అందరితో. "స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకుంటే ఇక రాడు."

"నీళ్ళన్నీ నువ్వు వాడేస్తావని తెలిసి ఎలా వస్తాను?" అన్నాడు తమ్ముడు.

అప్పట్లో ముట్టడి ఎలా సాగిందో ఇప్పుడూ అచ్చం అలాగే సాగుతోందని మాస్టారు గ్రహించాడు. చరిత్ర చెప్పేవాడిగా ఆయన సంతోషించాల్సిన విషయమే.

పన్నెండు దాటాక అన్న తలెత్తాడు. "మాస్టారూ, నాలుగూళ్ళలో ఉన్న మా దుకాణాల్లో ఈ అరగంట మాట చెప్పి అమ్మాలి నేను. నావల్ల కాదు. మీ పెట్టెలు మీరు పట్టుకుపోండి."

"మా ఇంట్లో రోజూ అరగంటలోపే అయిపోయేదండీ! కావాలంటే మా ఆవిణ్ణి అడగండి."

"పిలవండి. నా కళ్ళముందు మీరిద్దరూ ఆడండి. అరగంటలో తేలితే పెట్టెలన్నీ నావి."

డాక్టరమ్మ తెల్లకోటుతోనే వచ్చి, పక్కనే విప్పి పరిచిన ఇంకో పెట్టె ముందు కోట వైపు కూర్చుంది.

"ఇందులోంచి మీరు బయటికెందుకు వచ్చేవారమ్మా?" అని అడిగాడు తమ్ముడు, నిజంగానే తెలుసుకోవాలని.

"నేను రానే రానండీ. మూడో వంతుకి తలుపు తీసేసేదాన్ని. ఈయన లోపలికొచ్చి, గెలిచి, సంతోషంగా పడుకునేవారు. లేకపోతే ఎప్పటికి తేలుతుంది? తెల్లారితే నాకు పని."

రైలాయన మాస్టారి వైపు జాలిగా చూశాడు.

"రోజూనా?" అన్నాడు మాస్టారు.

"నాకు జ్వరమొచ్చినప్పుడు రెండో వంతుకే తీశానండీ."

ఆట మొదలైంది. మూడో వంతుకి ఆవిడ తలుపు తీసింది. మాస్టారు కదల్లేదు.

"రండి."

"రాను. తీసిన తలుపులోంచి నేను రాను. మూసేసి నిజంగా ఆడు."

"నిజంగా ఆడితే పొద్దుపోతుంది. అక్కడ ఆస్పత్రిలో ఒకాయన నోరు తెరుచుకుని కూర్చున్నాడు. రండి."

మాస్టారు సైన్యాన్ని నది వైపు తిప్పాడు. ఎలాగూ అరగంటలో తేలాలి కనక, పరువుగా తనే ఓడిపోదామనుకున్నాడు. ఆవిడ ఆయన ఎత్తు కనిపెట్టి, ఓడితే ఈయన రాత్రి నిద్రపోరనుకుని, ఉన్న సైనికులందర్నీ పంపి వంతెనకు అడ్డం నిలబెట్టింది. ఇప్పుడాయనకు ఓడిపోయే దారి కూడా లేదు.

ఆవిడ ముందుకు వంగి మెల్లిగా చెప్పింది. "ఏవండీ, ఆ పెట్టెలు మళ్ళీ నా ఆస్పత్రికొస్తే, మీరు కూడా వాటి మీదే పడుకోవాలి. చూసుకోండి."

ఇంకొక్క నిమిషం ఉందనగా మాస్టారు సేనాపతి బిళ్ళను చిటికెనవేలితో తోసి కోటలో పెట్టాడు. కోటను జయించి అంతగా తల దించుకున్నవాడు, ఆయన చదివిన చరిత్రలో మరొకడు లేడు. జనం చప్పట్లు కొట్టారు. అవి ఎవరికని అడిగే ధైర్యం ఆయనకు లేకపోయింది.

అన్న మాట తప్పలేదు. పెట్టెలన్నీ దింపించుకున్నాడు. ఆ తర్వాత తమ ఆట దగ్గరికి తిరిగొచ్చి, "చూశావురా? డాక్టరమ్మంతటావిడ తీసింది. నువ్వూ తలుపు తియ్యి, ఆకలేస్తోంది," అన్నాడు.

తమ్ముడు ఇంటికి ఫోన్ చేసి, భోజనం దుకాణానికే పంపమన్నాడు.