అన్నయ్య సమాధికి గోల్డు ప్యాకేజీ

ఈస్టర్ ముందు శనివారం పొద్దున్న మా గుడ్లవల్లేరు వైపు ఆకాశం పలచటి మజ్జిగలా ఉంది. ఎండ ఇంకా ఎక్కలేదు. సమాధులకు సున్నం వేయడానికి అంతకన్నా మంచి పూట దొరకదు. నేను హాయిగా ఫ్యాను కింద పడుకున్నాను!

ఎందుకంటారా? ఆ పని కాంట్రాక్టుకిచ్చేశాం. నన్నడిగితే ఈ మధ్య మా క్రైస్తవ కుటుంబాలకు ఇంతకు మించిన మేలు జరగలేదు.

పాత రోజుల్లో ఏం సుఖముందండీ? శనివారం ఇంటిల్లిపాదీ బకెట్లు, కుంచెలు పట్టుకుని సమాధుల తోటకు నడవాలి. పల్లేరుకాయలు గుచ్చుకుంటుంటే గడ్డి పీకాలి. రాతి మీద పేరుకి నల్లరంగు ఎవరు దిద్దాలని అన్నదమ్ములు పోట్లాడుకోవాలి. ఆఖర్న ఒకే చాప మీద ఇరుక్కుని పులిహోర తినాలి. మూడు రోజుల సెలవు వస్తే చేయాల్సిన పనులేనా ఇవి?

ఇప్పుడో! మా బెంజమిన్ అన్నయ్య కొడుకు విజయ్ కుమార్ గుడివాడ డెకరేషన్ వాళ్లకు ఒక్క ఫోన్ కొట్టాడు. సిల్వరంటే సున్నం, పూలు. గోల్డయితే సీరియల్ బల్బులు, ఫ్లెక్సీ అదనం. ప్లాటినంలో మనం రానక్కర్లేదు, ఏడ్చేవాళ్లను కూడా వాళ్లే పంపుతారట! మరీ అంత బాగోదని గోల్డు తీసుకున్నాం. "గేటు నుంచి మూడోది" అని గుర్తు చెప్పేసి, వాడు పిల్లలతో మంగినపూడి బీచికి వెళ్లిపోయాడు.

ఆదివారం ఇంకా తెల్లవారకముందే సమాధుల తోటలో ప్రార్థనకు విజయ్ కారులో వెళ్లాం. కారు ఎటు ఆగిందో నేను చూడలేదు. బల్బుల వెలుగు పట్టుకుని నడిచాను. సమాధి చిలకలపూడి రోల్డుగోల్డు గొలుసులా మెరిసిపోతోంది. ఫ్లెక్సీలో అన్నయ్య నవ్వుతున్నాడు. చుట్టూ మనవలు, వాళ్ల కుక్క. విజయ్ భార్య సుచిత్ర ఫోన్లో లైవ్ పెట్టింది. అందరం ఏడ్చాం. నేను కాస్త గట్టిగానే ఏడ్చాను, ఫోన్ నావైపు తిప్పింది మరి!

తెల్లవారుతుండగా గాలి లేచి ఫ్లెక్సీ ఊడిపోయింది. వెనక రాతి మీద పేరు: కృపావరం.

ముప్ఫై ఏళ్లు మా అన్నయ్యతో పొలంగట్టు తగాదా పడ్డ మనిషి!

"మీ అన్నయ్యగారు అదుగో, ఆ వేపచెట్టు కింద ఉన్నారండీ" అంది వెనక నుంచి కృపావరం భార్య భాగ్యమ్మ. "నిరుడు గేటు ఇటు మార్చారుగా."

"ముందే చెప్పొచ్చుగా అత్తయ్యా?" అన్నాడు విజయ్.

"ఎలా చెప్పను నాయనా? ఆయన కోసం నేను కాక ఇంకొకళ్లు ఏడవడం ఇదే మొదలు. కాసేపు చూద్దామనిపించింది."

లైవ్‌లో లైకులు వస్తూనే ఉన్నాయి.

వేపచెట్టు కింద అన్నయ్య సమాధి తెల్లగా ఉంది. చుట్టూ గడ్డి లేదు. పేరుకి నల్లరంగు దిద్ది ఉంది, కాస్త వంకరగా.

"నిన్న సున్నం కలుపుకుని వచ్చా. చూస్తే మాది పెళ్లిపందిరిలా ఉంది. కలిపింది పారబోయలేక..." అందావిడ.

ఇప్పుడు చెప్పండి, కాంట్రాక్టు మేలు కాదూ? అది లేకపోతే అన్నయ్యకు ఆ ఇంటి సున్నం, కృపావరానికి మా ఇంటి కన్నీళ్లు దక్కేవా?

ఒక్కటే చిక్కు. మూడోదని విజయ్‌కి చెప్పింది నేనే. అన్నయ్యను అక్కడికి మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. గేటు మారి ఏడాదైనా ఆ సంగతి నాకు తెలియదు.

భాగ్యమ్మ చాప పరిచి పులిహోర గిన్నె మూత తీసింది. అందరం ఇరుక్కుని కూర్చున్నాం. వడ్డిస్తున్న ఆవిడ గోళ్లలో ఇంకా సున్నం ఉంది.