ఆకలి లేని వీధి

ఆ రోజు వంటక్క తెల్లవారకముందే పొయ్యి వెలిగించింది. వీధి చివరి ఉచిత వంటశాలను చూడటానికి మధ్యాహ్నం పెద్ద అధికారి వస్తున్నాడు. ఇక్కడ ఆకలితో ఉన్న కుటుంబాలు నిజంగా ఉన్నాయని ఆయనకు నమ్మకం కుదిరితేనే ప్రభుత్వం బియ్యం పంపుతుంది. లేదంటే పొయ్యి ఆరిపోయినట్టే. ఆయన వచ్చే వేళకు తోపులాటలూ పిల్లల ఏడుపులూ లేకుండా అంతా శుభ్రంగా కనబడాలని వంటక్క పెందలాడే అందరికీ వడ్డించేసింది. ఇస్త్రీ చేసే అమ్మాయి పిల్లలిద్దరికీ కడుపునిండా పెట్టుకుని పనికి పోయింది. వంటక్క గిన్నెలు తళతళా తోమి బోర్లించింది.

వంటశాల కమిటీ అధ్యక్షుడు వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"జనం ఏరీ?"

"తినేసి వెళ్ళిపోయారండీ."

"ఎవరు తినమన్నారు?"

"ఆకలేసిందండీ, తిన్నారు."

"కొంప ముంచావు! ఆకలి చూడటానికి ఆయన అంత దూరం నుంచి కారేసుకుని వస్తుంటే, రాకముందే తీర్చేస్తావా?"

అధ్యక్షుడు ఫోన్ తీసి చుట్టాలందరినీ పిలిచాడు. భోంచేసి కునుకు తీయబోతున్న వాళ్ళంతా ఆవలిస్తూ వచ్చి వరసలో నిలబడ్డారు. వాళ్ళ ఉంగరాలూ వాచీలూ తీయించి జేబులో వేసుకున్నాడు.

"బావా, నేనిప్పుడే తిన్నాను," అన్నాడు బావమరిది.

"నోర్మూసుకుని ఆకలితో ఉండు!"

వడ్డించడానికి అన్నం లేదు. "రేపటి బియ్యం పడెయ్," అన్నాడు అధ్యక్షుడు.

"రేపు పిల్లలకేం పెట్టనండీ?"

"ఇవాళ గట్టెక్కితేగా రేపు!"

మనసు పీకుతున్నా వంటక్క ఆ బియ్యమంతా ఎసట్లో పోసింది.

అధికారి వచ్చి వరసలో మొదటివాడైన బావమరిది ముందు ఆగాడు. "తిని ఎంతసేపయింది?"

"రెండు రోజులు సార్," అని బ్రేవుమని త్రేన్చాడు బావమరిది.

అధికారి ఆ పొట్టకేసి చూశాడు. అధ్యక్షుడు గబుక్కున అడ్డొచ్చాడు. "మొన్నటిదాకా ఎముకల గూడు సార్! ఇదంతా మా వంటశాల చలవే!"

వడ్డించిన అన్నాన్ని చుట్టాలు వేళ్ళతో కెలికి వదిలేశారు. అధికారి ముఖం విప్పారింది. "పెట్టినా తినలేకపోతున్నారంటే ఈ వీధిలో ఆకలి పూర్తిగా పోయినట్టేనయ్యా! శభాష్! ఇక్కడికి ఇద్దామనుకున్న బియ్యం ఇక వేరే వీధికి పంపిద్దాం."

వంటక్క ఉండబట్టలేక ముందుకొచ్చింది. "అయ్యా, తినేవాళ్ళు వీళ్ళు కాదండీ. అసలువాళ్ళు పొద్దున్నే తినేశారు."

"తిన్నారు కదా, మరింకేం?" అని ఆయన కారెక్కాడు.

మర్నాడు వంటశాలకు తాళం పడింది. తాళం మీద 'ఆకలి లేని వీధి' అని బోర్డు వేలాడింది. ఇస్త్రీ అమ్మాయి చిన్న కూతురు ఆ తాళాన్ని లాగి చూసి, "పెద్దమ్మా, ఇవాళ అన్నం లేదా?" అంది. తను తొందరపడి వడ్డించిన పాపానికే ఇలా అయిందని వంటక్క కుమిలిపోయింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది.

కొన్నాళ్ళకు వీధిలో ఆకలి పోగొట్టినందుకు అధ్యక్షుడికి సన్మానం, ఆ పైన అధికారులకు విందు. వంటకు వంటక్కనే పిలిచారు. ఆ ఒక్క రోజుకు తాళం తీశారు. ఆమె తెల్లవారకముందే పొయ్యి వెలిగించింది.

మధ్యాహ్నం ఉపన్యాసాలు సాగి సాగి ముగిశాక, అధ్యక్షుడు పొట్ట తడుముకుంటున్న పెద్ద అధికారినీ మిగతా అధికారులనూ వెంటబెట్టుకుని వంటశాలలోకి వచ్చాడు. గిన్నెలు తళతళా మెరుస్తూ బోర్లించి ఉన్నాయి. పెరటి గుమ్మం దగ్గర ఇస్త్రీ అమ్మాయి పిల్లలు మూతి తుడుచుకుంటున్నారు.

"భోజనాలేవీ?" అధ్యక్షుడు ఒక గిన్నె ఎత్తి చూశాడు.

"ఆకలి లేని వీధి కదండీ. మీకు అక్కర్లేదనుకున్నాను."

వంటక్కను అక్కడికక్కడే పనిలోంచి తీసేశారు. తాళం మళ్ళీ పడింది. బోర్డు అలాగే ఉంది.

ఆ వీధిలో ఆకలి అధికారి కంటబడింది ఆ ఒక్క పూటే.