ఆదర్శ పెరటి కొత్తిమీర

నా మాట నమ్మండి. ఈ వేసవిలో పల్నాడుకు కావలసింది నీళ్ళు కాదు, కొత్తిమీర!

నవ్వుతున్నారా? నవ్వండి. మొన్న సంక్రాంతి దాకా నేనూ నవ్వినవాణ్ణే. యుద్ధం వచ్చి బియ్యం కరువైంది, కిరసనాయిలు కరువైంది, ఆఖరికి గుండుసూదులు కూడా కరువైనాయి. ఇటువంటి రోజుల్లో ఇంటింటా పెరట్లో పచ్చని ఆకు పెంచితే శత్రువు గుండె పగులుతుందని తోటల ఇన్‌స్పెక్టరుగారు మాచర్ల వచ్చి, మా వీధి అరుగుమీద నిలబడి గంటసేపు ఉపన్యసించారు. మా చారులో నాలుగు రెబ్బలు పడితే జపానువాడు ఎందుకు హడలిపోవాలో నాకు బోధపడలేదు. బోధపడలేదు కాబట్టి చప్పట్లు కొట్టాను.

ఇంటికొక పొట్లం ధనియాలు పంచారు. మా ఆవిడ సుబ్బరత్నం ఆ పొట్లం విప్పి, ఎండుమిరపకాయలు చేర్చి, దోరగా వేయించి చారుపొడి కొట్టేసింది. ఎంత అజ్ఞానం! విత్తనం మొలవలేదని ఇన్‌స్పెక్టరుగారికి విన్నవించుకుని ఇంకో పొట్లం తెచ్చాను.

ధనియాన్ని ఉన్నదున్నట్టు చల్లితే సరిగా మొలవదని మీకు తెలిసే ఉంటుంది. నేలమీద పోసి, చెప్పుకాలితో నలిపి, రెండు బద్దలు చేసి చల్లాలి. తొక్కితేగాని తల ఎత్తదు. ఇంత విధేయమైన మొక్కను సర్కారువారు ఊరికే ఎంచుకున్నారా!

మా వీధికి ఒకటే బావి. అడుగున బండ తేలి మూడేళ్ళయింది; వేసవి వస్తే అందులో పావురాలు తప్ప మరేమీ ఉండవు. ఆ బండ పేలిస్తే కింద జల ఉందంటాడు పిచ్చియ్య. అతను నాపరాతి క్వారీలో పనివాడు, రాయిని సుత్తితో తట్టి దాని కడుపులో ఏముందో చెప్పగలడు. కూలి కూడా అక్కర్లేదు, నేనే దిగి పేలుస్తానన్నాడు. కాని యుద్ధకాలంలో మందుగుండుకు పర్మిట్టు కావాలి. దానికి అర్జీ నాచేత రాయించాడు. రెండు పేజీల ఇంగ్లీషులో మా వీధి దాహమంతా కుమ్మరించి రాశాను.

పిచ్చియ్య తొందరకు కారణం ఉంది. మా ఇంటికీ, ప్లీడరు నాగభూషణరావుగారి ఇంటికీ నీళ్ళు మోసేది అతని భార్య నాంచారమ్మ. మైలు దూరాన చంద్రవంక వాగు ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీటిని ముంతతో తోడుకుని, బిందె నెత్తిన పెట్టుకుని రావాలి. ఆమెకు ఏడో నెల. కాన్పయి నీళ్ళాడే నాటికి మన వీధి బావిలో చేద వేయిస్తానని ఆమెకు మాటిచ్చాడట.

అర్జీ పై కచేరీకి వెళ్ళింది. వెళ్ళిన అర్జీకి జవాబు వచ్చేదాకా పౌరుడు ఊరికే కూర్చోవాలా? కొత్తిమీర పెంచుకోవచ్చుగా!

కొత్తిమీర చలికాలపు మొక్క. దాన్ని వైశాఖంలో, అదీ పల్నాటి ఎండలో పెంచడమంటే అల్లుణ్ణి మేపడమే. పైన తాటాకు పందిరి, చుట్టూ తడిపిన గోనెపట్టాలు, పొద్దున ఒక తడి, సాయంత్రం ఒక తడి. ఒక్క పూట మరిచిపోతే సొమ్మసిల్లి పడిపోతుంది. నాంచారమ్మ మాకు మోసే రెండు బిందెలూ నాలుగయ్యాయి.

దీనివల్ల కలిగిన మేళ్ళు ఎన్నని చెప్పను? మొహం కడిగిన నీళ్ళు కొత్తిమీర మడికే. బియ్యం కడిగిన నీళ్ళు మడికే. కుడితి లేక గేదె పాలు మానేసింది, కనుక కాఫీ అనే దుర్వ్యసనం వదిలిపోయింది. నేను మడి పక్కనే పీట వేసుకుని ఒక్క చెంబుతో స్నానం ముగించే విద్య నేర్చాను. అన్నిటికన్నా గొప్ప లాభం, చుట్టాలు రావడం మానేశారు. కాళ్ళకు నీళ్ళివ్వని గడప ఎవడు తొక్కుతాడండీ?

నాగభూషణరావుగారి భక్తి ఇంకా గట్టిది. తన గొడుగు మడిమీద తెరిచిపెట్టి, ఉత్త తలతో కోర్టుకు వెళ్ళి, వడదెబ్బ తగిలి, బల్లమీద పడుకుని ఇల్లు చేరారు. తెలివి రాగానే ఆయన అడిగిన మొదటి మాట, మడికి తడి పెట్టారా అని!

నాంచారమ్మ మాత్రం ఒకసారి బిందె దించి, నడుం పట్టుకుని నిలబడి అడిగింది.

“సంతలో వంకాయలు కొంటే ఈ ఆకు కొసరేస్తారు గదా బాబాయిగారూ. దీనికిన్ని నీళ్ళేంది?”

చదువులేని మనిషి. సైన్సు గురించి పది నిమిషాలు చెప్పాను. ఆమె రెండో బిందెకు వెళ్ళిపోయింది.

జ్యేష్ఠంలో ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వచ్చారు. ఊరంతా బూడిదరంగులో ఉంటే మా పెరట్లో జానెడు కొత్తిమీర కళకళలాడుతోంది. ఆయన వంగి వాసన చూశారు. పుస్తకంలో ఏదో రాసుకున్నారు. మా ప్రహరీకి ‘ఆదర్శ పెరడు’ అన్న బోర్డు కొట్టించారు. ఎండన పడి వచ్చారేమో, మూడు గ్లాసుల నీళ్ళు తాగి, చాలా తియ్యగా ఉన్నాయని మెచ్చుకున్నారు. ఆ నీళ్ళు ఎక్కడివో ఆయన అడగలేదు. బావి సంగతి నా నాలుక చివరిదాకా వచ్చింది. బోర్డు మేకులు తిన్నగా దిగుతున్నాయో లేదో చూసే సంబరంలో మింగేశాను.

నిన్న అర్జీకి జవాబు వచ్చింది. పిచ్చియ్య ఆ కవరు రెండు చేతులా పట్టుకుని వచ్చి నా ముందు పెట్టాడు. నాంచారమ్మ అప్పుడే బిందె దించి, నీళ్ళు మడిలో కుమ్మరించి, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. చదివాను. తెలుగులో చెప్పక తప్పలేదు. సదరు వీధిలో వేసవిలో సైతం కొత్తిమీర వంటి నాజూకు పైరు పుష్కలంగా పండుతున్నట్టు తనిఖీలో తేలినందున నీటి ఎద్దడి లేదనీ, మందుగుండు పర్మిట్టు అనవసరమనీ, అర్జీ కొట్టివేయడమైనదనీ ఉంది. సాక్ష్యంగా పెరటి యజమాని పేరు రాశారు. నా పేరే. స్పెల్లింగులో ఒక్క తప్పు లేదు.

పిచ్చియ్య వంగి ఆ కాగితం వంక చూశాడు.

“ఆ ఆకుకు నీళ్ళు మోసింది మా ఇంటిదని రాయలేదా బాబాయ్?”

ఆ ఫారంలో దానికి గడి లేదు నాయనా, అన్నాను. కాగితం మడిచి అతని చేతికిచ్చాను. అతను జేబులో పెట్టుకుని క్వారీకి వెళ్ళిపోయాడు.

నాంచారమ్మ స్తంభం పట్టుకుని లేచి, ఖాళీ బిందె చంకనెత్తుకుని వాగు దారి పట్టింది. పిలిచి, ఇక చాలమ్మా అందామనుకున్నాను. సిగ్గు వేసింది, నిజం. కాని దాహం కూడా వేస్తోంది. పిలవలేదు.