ఆవిరి గదిలో అభ్యర్థి

అధ్యక్ష పదవికి పోటీ చేసేవాళ్ళు ఓటర్లతో పాటు సౌనా అనే ఆవిరి గదిలో కూర్చుని మూడు ప్రశ్నలకు జవాబు చెప్పి తీరాలని ఫిన్లాండ్‌లో చట్టమేమీ లేదు. మధ్యలో లేచిపోయినవాడు గెలిచిన దాఖలా కూడా లేదు. ఆవిరికే ఓర్వలేనివాడు దేశాన్నేం ఏలుతాడని ప్రజల నిశ్చితాభిప్రాయం.

అందుకే కలెర్వో రంతాలా తువ్వాలు చుట్టుకుని, వేడి అన్నిటికన్నా ఎక్కువ తగిలే పైమెట్టు మీద కూర్చోగానే, బయటి గదిలో, ఆ ప్రశ్నోత్తరాలను దేశమంతటికీ వినిపించే రేడియో ముందున్న అతని ప్రచార సారథి సిర్కా గుండె చిక్కబట్టుకుంది. ఆమె నడిపించిన అభ్యర్థులు ఇదివరకే ఇద్దరు ఓడారు. ఈయనా ఓడితే ఆమెను వార్డు ఎన్నికకు కూడా ఎవరూ పిలవరు. పైగా ఈయన ఏళ్ళ తరబడి పోర్చుగల్ సముద్రతీరంలో ఉండి వచ్చిన మనిషి. ఎండ పడుతుంది గానీ ఆవిరి పడదు.

ప్రశ్న వేసినవాళ్ళు పొయ్యి మీది రాళ్ళపై గరిటెడు నీళ్ళు పోయాలి. అదే నియమం.

"ఏమయ్యా కలెర్వో, పన్ను కట్టినవాళ్ళ జాబితాలో నీ పేరు వెతికి వెతికి నా కళ్ళు కాయలు కాశాయి. ఎక్కడ దాక్కున్నావ్?" అన్నాడు ఒకప్పటి బస్సు డ్రైవర్ ఆర్వో. రాళ్ళు బుస్సుమన్నాయి.

"పన్ను కట్టడం పౌరుడి గౌరవం, పెద్దాయనా! ఆ గౌరవమంతా మీకే దక్కాలని నేను పోర్చుగల్ వెళ్ళాను" అంటూ కలెర్వో ఒక మెట్టు దిగాడు.

"మరి దేశభక్తో?" రెండో గరిటె కూడా ఆర్వోదే.

"ఎంత దూరముంటే అంత బెంగ. ఎంత బెంగుంటే అంత భక్తి. ఇక్కడే పడున్న మీకు ఆ అదృష్టమేదీ!" ఇంకో మెట్టు దిగాడు.

సిర్కా తల పట్టుకుంది.

మూడో ప్రశ్న వేసింది చేపల కొట్టు నడిపే టైమి అనే ఆవిడ. "నీలాంటి డబ్బా మనిషిని నా జన్మలో చూళ్ళేదు. ఇలా తిడితే ఓర్చుకుంటావా?" అంటూ ఆవిడ గరిటె పక్కన పెట్టి బకెట్టే కుమ్మరించింది.

గదంతా తెల్లటి ఆవిరి కమ్మేసింది. రాళ్ళు బుసకొట్టే మోతలో తలుపు చప్పుడు ఎవరికీ వినపడలేదు. ఉడికిన పీతలా ఎర్రబడ్డ అభ్యర్థి సిర్కా ముందునుంచే పరుగెత్తి, పెరట్లో మంచులో బోర్లా పడ్డాడు.

"కలెర్వో గారూ, జవాబు!" సిర్కా పెరటి గుమ్మంలోంచి గొంతు తగ్గించి పిలిచింది.

"చచ్చినా లోపలికి రాను, తల్లీ!"

రేడియోలో రాళ్ళ చిటపటలు తప్ప ఏమీ లేదు. ఆలోచిస్తున్న మనిషిని తొందరపెట్టడం ఆ దేశంలో మర్యాద కాదు. లోపలివాళ్ళు ఎదురుచూశారు. దేశమంతా ఎదురుచూసింది. సిర్కా రాజీనామాకు మాటలు కూర్చుకుంది.

చివరికి టైమి గొంతు వినిపించింది: "అంత మాటన్నా తిరిగి ఒక్క మాట అనలేదు చూశావా, ఆర్వో!"

"నోరు అదుపులో పెట్టుకున్న నాయకుణ్ణి ఇవాళే చూస్తున్నా" అన్నాడు ఆర్వో ఆవిరిలోకి చూస్తూ. "నా ఓటు ఈయనకే."

సిర్కా చప్పుడు కాకుండా లేచి పెరటి తలుపు గడియ పెట్టేసింది.

కలెర్వో కనీవినీ ఎరుగని ఆధిక్యంతో గెలిచాడు. విమర్శపై ఆయన ఇచ్చిన జవాబును బడిపిల్లల పాఠ్యపుస్తకంలో ఒక పూర్తి పేజీ ఖాళీగా వదిలి అచ్చువేశారు.

నవ్వకండి. కిందటిసారి మీరు ఓటేసినాయన ఆవిరి వెనక ఉన్నాడో లేడో, మీరైనా చెయ్యి చాచి తడిమి చూశారా?