పిడుగుల దేవుడి గుండిగ

ఆ మంగళవారం పొద్దున్న పని ఒక్కటే. ఆంగస్ నికల్సన్ తొమ్మిది గంటల బస్సెక్కి స్టోర్నవే టౌనుకు వెళ్లి, మూడు వారాల కొడుకు పేరు రిజిస్టరు చేయించి రావాలి. గడువుకు అదే చివరి రోజు. లూయిస్ దీవిలో దీనికి ఆలోచనే అక్కర్లేదు, మొదటి మగపిల్లాడికి తాత పేరే, అదీ తండ్రివైపు తాతది. ఆ తాత టార్క్విల్‌కు ఎనభై ఒక్కేళ్లు. ఊళ్లో ఆ పేరు గలవాడు ఆయనొక్కడే మిగిలాడు కనుక, మనవడికి పెట్టకపోతే పేరు ఆయనతోనే పోతుంది.

గ్లాస్గో పట్నం నుంచి వచ్చిన కోడలు షీనా ఆ పేరుకు అర్థం వెతికింది. వెయ్యేళ్ల కిందటి నార్వే పడవవాళ్ల పేరది. అందులో సగం థోర్ అనే పిడుగుల దేవుడు, మిగతా సగం వంట గుండిగ.

"నా బిడ్డకు గుండిగ పేరా? యూవన్ అని రాయించు," అంది మొగుడితో. ఆంగస్ తలూపాడు. పెళ్లయినప్పటినుంచీ అతను బాగా నేర్చుకున్న విద్య అదే. పెద్దాయన "మీ పిల్లాడు, మీ ఇష్టం," అని పార భుజాన వేసుకుని, పొయ్యిలో కాల్చుకునే పీట్ మట్టిగడ్డలు కోయడానికి కొండవైపు వెళ్లిపోయాడు. మనసు ఎంత చివుక్కుమన్నా బయటపడే రకం కాదు.

రాత్రంతా ఏడ్చిన పిల్లాడు పదింటికి నిద్రపోయాడు. వెలుతురు పడకుండా షీనా వీధివైపు కిటికీల తెరలన్నీ దించేసింది. ఆ ఊళ్లో పట్టపగలు తెరలు దించారంటే ఇంట్లో మనిషి పోయినట్టని పట్నం పిల్లకేం తెలుసు?

ఎదురింటి పెగ్గీ తెరలు చూసింది. టార్క్విల్ పొద్దున్నించీ కనబడలేదు, వయసు చూస్తే ఎనభై దాటింది, ఇక అడగడానికేముంది? స్టోర్నవేలో శవపేటికలు చేసే వడ్రంగి మర్డోకు ఫోను చేసింది. రిజిస్ట్రారు ఆఫీసుకు చేసి ఆంగస్‌కు కబురు చెప్పించింది. ఆపైన పళ్లెంనిండా స్కోన్ రొట్టెలు పెట్టుకుని బయల్దేరింది. తలుపు తీసిన షీనా కళ్లు నిద్రలేక ఎర్రబడ్డాయి, నోటిమీద వేలుంది. అంతే, పెగ్గీ కళ్లు తుడుచుకుంది. గంటలో ఊరు ఊరంతా నల్లకోట్లు వేసుకుని, సూపు గిన్నెలు మోసుకొచ్చి గోడల వెంట కూర్చుంది.

పిల్లాణ్ణి చూడడానికి వచ్చారనుకుని షీనా టీ పెట్టింది. కాని ఒక్కరూ ఉయ్యాలవంక చూడరు. టార్క్విల్, టార్క్విల్ అంటూ నిట్టూర్పులే. పేరుకోసం మామగారే ఊరిని తనమీదికి ఉసిగొల్పి కొండకు జారుకున్నారని ఆమెకు రూఢి అయింది.

"ఆ పేరుకు అర్థం గుండిగని మీకెవరికైనా తెలుసా?" అని అడిగేసింది.

"తెలియకేం అమ్మాయ్," అంది పెగ్గీ. "బంగాళాదుంపలు నేలలోనే కుళ్లిపోయిన కరువులో మీ మామగారి తాత, ఆయనా టార్క్విలే, రాళ్లకంటుకున్న నత్తలు ఏరుకొచ్చి గుండిగలో ఉడకేసి ఊరందరికీ పోశాడు. ఏడాదిపాటు ఆ గుండిగ పొయ్యిమీంచి దించలేదట. మా అవ్వ ఆ నీళ్లు తాగే బతికింది. ఆ పడవవాళ్ల దేవుణ్ణి మర్చిపోయాం, వాళ్ల మాటలు మర్చిపోయాం, గుండిగను మాత్రం ఎలా మర్చిపోతాం?"

షీనా చేతిలో టీ గిన్నె కింద పెట్టేసింది. ఇంత గొప్ప పేరునా తను ఎగతాళి చేసింది? ఈ సంగతి ఇంట్లో ఒక్కరూ చెప్పలేదేమని మొగుడిమీద కోపం కూడా వచ్చింది. ఆఫీసుకు ఫోను చేసి టార్క్విల్ అనే రాయమనండని ఆమె పెగ్గీని బతిమాలుతుండగా వెనక తలుపు తెరుచుకుంది. పీట్ బుట్ట వీపున వేసుకుని పెద్దాయన లోపలికి వచ్చి, నల్లకోట్లవంక చూశాడు.

"ఎవరు పోయారు?"

"నువ్వే," అంది పెగ్గీ, చేతిలో కప్పు జారిపోతుంటే.

అంతలో వాకిట్లో మర్డో వ్యాను ఆగింది. వెనక పేటిక, ముందు ఆంగస్. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది. లోపలికి వస్తూనే పెళ్లాం ముందు నిలబడ్డాడు.

"నువ్వేమన్నా అనుకో షీనా. కబురు విన్నాక యూవన్ అని చెప్పడానికి నోరు రాలేదు. నాన్న పేరే రాయించాను. ఇక మార్చను."

"ఇన్నాళ్లకు నా మాట కాదని ఒక్క మంచి పని చేశావు," అంది షీనా. ఆ తర్వాతే ఆంగస్ తండ్రిని చూసి, ఉన్నచోటే కూలబడ్డాడు.

పెద్దాయన మనవణ్ణి చేతుల్లోకి తీసుకుని, మొదటిసారి పేరుపెట్టి పిలిచాడు. గొంతు వణికింది, దాచుకోలేదు. ఆ తర్వాత వాకిట్లోకి వెళ్లి పేటికను జానతో కొలిచి, రెండంగుళాలు పొట్టిగా ఉందని మర్డోను చీవాట్లు పెట్టాడు.