తొట్టెడు గంజి

వారమంతా మందునీళ్లలో మునిగి ఉండాల్సిన చెక్క పెరటి గోడకు చేరబడి ఎండి ఉంది. తొట్టిలో చుక్క లేదు.

వడ్రంగి తొట్టి అడుగు తడిమి చూశాడు. కాసేపట్లో అగ్నిమాపక అధికారి వస్తున్నాడు. అతను మంట పెట్టినా ఈ చెక్క అంటుకోకుండా ఉంటేనే నాటకాల హాలు తలుపుల పని దక్కుతుంది. అందుకే వారం కిందట వెలిగారం, ఇంకో రెండు ఖనిజ లవణాలు వేడినీళ్లలో కరిగించి, అందులో చెక్కను ముంచి, ఆ హాలుకు చట్రాలు బిగించడానికి వెళ్లి ఇప్పుడే తిరిగొచ్చాడు. లవణాలు నారలోకి ఇంకితే చెక్క గట్టిపడుతుంది, నిప్పుకు లొంగదు. ఆ సంగతి ఎదురువీధి వడ్రంగి చెవిన పడకూడదని ఆ నీళ్లకు మారుపేరు కూడా పెట్టాడు.

"ఏమేవ్! గంజి ఏమైంది?"

"నన్నడుగుతారేం?" అంది భార్య వంటింట్లోంచి. "గంజి జోలికెళ్తే ఊరుకోనని మీరేగా గావుకేకలు పెట్టింది! పెరటి గుమ్మం తొక్కితే ఒట్టు."

"అయితే ఎదురువీధి వాడే! గోడ దూకి ఎత్తుకెళ్లాడు."

"తొట్టెడు నీళ్లతో గోడెలా దూకుతాడండీ? తాగేసి దూకాడా?"

వడ్రంగి పోలీసులకు ఫోన్ చేశాడు.

"ఏం పోయింది?"

అసలు పేరు చెబితే రహస్యం బయటపడుతుంది. "గంజి," అన్నాడు.

"ఎంత?"

"తొట్టెడు."

"అన్నం కూడా పోయిందేమో చూసుకుని చెప్పండి," అని ఫోన్ పెట్టేశారు.

ఇంతలో ఇస్త్రీ అతను బట్టల మూటతో ఊడిపడ్డాడు. "అయ్యా, మీ మామగారి చొక్కాలు నా వల్ల కాదు. ఒక్కో చెయ్యి వంచాలంటే ఇద్దరు మనుషులు కావాలి. అసలు వీటికి ఏం పెట్టారు?"

"ఏం పెట్టారో కనుక్కు రమ్మన్నాడా ఆ ఎదురువీధి వాడు?" వడ్రంగి ఇంతెత్తున లేచాడు. "ఎంత ముట్టజెప్పాడు నీకు?"

"చొక్కాలు ఇస్త్రీ చేసుకునేవాణ్ణి పట్టుకుని ఇవేం మాటలయ్యా!" అని ఇస్త్రీ అతను మూట విప్పి బట్టలు నేలమీదికి విసిరేసి వెళ్లిపోయాడు. ఒక చొక్కా గోడకు ఆనుకుని నిలబడింది. దాన్ని పట్టించుకునే తీరిక ఎవరికీ లేకపోయింది, ఎందుకంటే అధికారి మంటదీపంతో సహా గుమ్మంలో ఉన్నాడు.

వేరే దారి లేక వడ్రంగి ఆ చెక్కనే అందించాడు. మంట తగిలిందో లేదో, అది భగ్గున అంటుకుంది.

"మంచి చెక్క," అన్నాడు అధికారి. "పొయ్యిలోకి."

తలుపుల పని కళ్లముందే కాలిపోతోంది. అప్పుడే స్నానం ముగించి మామగారు పెళపెళమనే చొక్కాలో బయటికొచ్చారు. "ఏదీ, నన్నూ చూడనివ్వండి," అంటూ మంట మీదికి వంగారు. చొక్కా చెయ్యి నేరుగా నిప్పులో పడింది.

"నాన్నా!" భార్య కెవ్వుమంది. అధికారి ఆయన్ను వెనక్కి లాగాడు.

చొక్కా చివర కాస్త నల్లబడింది. అంతే. అంటుకోలేదు.

అధికారి గోడకు నిలబడ్డ చొక్కాను అందుకుని దానికీ మంట పెట్టాడు. అదీ అంటుకోలేదు. "దీనికి ఏం పట్టించారు?"

"గంజి," అన్నారు మామగారు.

వడ్రంగి తొట్టి వంక చూశాడు, మామగారి వంక చూశాడు. ఇక దాచి లాభం లేదని అధికారికి ఉన్నదంతా చెప్పేశాడు.

"అయితే ఇదే చెక్కకు పట్టించండి," అన్నాడు అధికారి మంటదీపం ఆర్పుతూ. "మళ్లీ వస్తాను. అంతవరకూ తలుపుల పని ఎవరికీ పోదు. పనిలో పనిగా హాలు తెరలు కూడా ముంచి పెట్టండి."

అతను గుమ్మం దాటగానే కూతురూ అల్లుడూ ఒకేసారి ఆయన వైపు తిరిగారు. మామగారు తలవంచుదామనుకున్నారు గానీ కాలరు వంగలేదు.

"నేనే, అల్లుడూ. నువ్వు గంజి, గంజి అని ఇల్లెగిరిపోయేలా అరుస్తుంటే బట్టలకే కాబోలనుకున్నా. చెక్క అడ్డొస్తే తీసి పక్కన పెట్టి చొక్కాలు ముంచా, మిగిలింది పారబోశా. అయినా గుడ్డిగా ముంచలేదు. వేలు పెట్టి నాకి మరీ చూశా. ఉప్పగా, చేదుగా, నోట పెట్టడానికి లేదు. మా అమ్మాయి కాచిందే, సందేహం లేదనుకున్నా."