సౌలభ్య కమిటీ వారి చెక్కపెట్టె

నేత కార్మికుల కంప్యూటర్ కేంద్రాల్లో ఎవరికీ ఎలాంటి ఇబ్బందీ లేదని సౌలభ్య మెరుగుదల కమిటీ తన మొదటి సమావేశంలోనే తేల్చింది. కేంద్రాలను ఆ మరుసటి వారం తెరిచారు.

అక్కడి కంప్యూటర్లలో ఎక్కించింది ఉచిత డెస్క్‌టాప్. తెరమీది బొమ్మలు, కిటికీలు, బటన్లు అన్నీ దేశదేశాల్లో ఎవరెవరో తీరిక వేళల్లో తయారుచేసి, నలుగురూ వాడుకోండి, తప్పుంటే చెప్పండి, చేతనైతే మీరే దిద్దండి అని వదిలేసినవి. ఇంత అనుమానాస్పదమైన సరుకును కమిటీ లేకుండా జనం చేతికి ఇవ్వకూడదు కదా. అందుకని జగిత్యాల నుంచి జలపతి రావు గారిని అధ్యక్షులుగా పిలిపించారు. కంప్యూటర్‌ను ఎన్నడూ ముట్టుకోలేదు గనుక ఆయన పూర్తి నిష్పక్షపాతి.

సహాయకురాలిగా ఊర్మిలను తీసుకున్నారు. సిరిసిల్లలో సాంచ, అంటే మరమగ్గం, నడిపే బుచ్చయ్య కూతురు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. వాడేవాళ్లు ఎక్కడ తడబడుతున్నారో చూసి రాయండని డెస్క్‌టాప్ తయారుచేసినవాళ్లు కోరితే, నిజంగానే చూసి రాయాలనుకుంది. కొత్త కదా, తెలియదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో కలిపి వందమందికి పరీక్ష పెట్టారు. ఒక్కొక్కరి వెనుక కుర్చీ వేసుకొని అధ్యక్షుల వారే స్వయంగా అడిగారు.

"ఎట్లున్నదమ్మా?"

"మంచిగున్నది సార్."

కోరుట్లలో ఒకావిడ కంప్యూటర్ ఆన్ చేయకముందే మంచిగున్నదన్నది. ఆమెకు శాలువా కప్పారు. ఫలితం నూటికి నూరు.

ఊర్మిలకు మాత్రం కాలు నిలవడం లేదు. ఆమె తల్లి శాంత ఇరవై ఏళ్లుగా సాంచలకు నూలు కండెలు చుడుతోంది. కండెలు చుట్టేవాళ్లకు గుర్తింపు కార్డులిస్తామన్నారు. ఎవరి దరఖాస్తు వారే తమ ఊరి కంప్యూటర్ కేంద్రంలో కొట్టి పంపాలి. గడువు శుక్రవారం. ఆ కార్డు లేకపోతే శాంత ఏ కాగితంలోనూ కార్మికురాలు కాదు, బుచ్చయ్య భార్య, అంతే.

సోమవారం అధ్యక్షుల వారు లేని సమయం చూసి ఊర్మిల సిరిసిల్ల కేంద్రంలో తల్లిని కూర్చోబెట్టింది. శాంత ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పేరు, ఊరు, ఇంటి నంబరు కొట్టింది. ఇంతలో 'మీరు నిశ్చయముగా కొనసాగదలచితిరా?' అని తెరమీద ఒక కిటికీ లేచింది. శాంత చటుక్కున చెయ్యి చాచి గోడ మీది స్విచ్ ఆపేసింది. కొట్టిందంతా పోయింది.

"అయ్యో, ఎందుకు బంద్ జేసినవే అమ్మా?"

"అడ్డం ఏదో లేసింది గద బిడ్డా. పోగు తెగితే సాంచ బంద్ జెయ్యరా? నడవనిస్తె బట్టంత ఖరాబైతది."

"గిది సాంచ గాదే!"

"గాకపోతే గాకపాయె. సాంచ బంద్ జేస్తె నేసిన బట్ట ఏడికన్న పోతదా? మళ్ల కరెంటేస్తె ఆడికెల్లే నడుస్తది. గీ డబ్బ నా పేరు మింగి కూసున్నది. గీ ముచ్చట మీ సారుకు చెప్పు."

ఊర్మిల మరో పదిమందిని కూర్చోబెట్టి చూసింది. పదిమంది చేతులూ స్విచ్ మీదికే పోయాయి. అప్పుడు రాసింది: 'ఇక్కడివాళ్లు ఏది అడ్డం వచ్చినా ముందు స్విచ్ ఆపుతారు. అది తప్పు కాదు, పనితనం. ఆపినా సరే, కొట్టినంతవరకు పోకుండా దాచండి.' ఒక ప్రతి కమిటీకి, ఒక ప్రతి తయారుచేసినవాళ్లకు పంపింది.

ముఖం తెలియని ఒకాయన బుధవారానికల్లా దిద్ది పంపాడు. ఇది మాకు తోచనే లేదు, మీకు కృతజ్ఞతలు అని కూడా రాశాడు. పాపం, కమిటీ పద్ధతులు తెలియనివాడు. ఊర్మిల అదే రోజు పొద్దుపోయాక దాన్ని ఎక్కించింది.

కమిటీ మాత్రం సమస్యను లోతుగా పరిశీలించి, దోషం స్విచ్‌దేనని కనిపెట్టింది. గురువారం దానికి టేకు చెక్కపెట్టె బిగించి తాళం వేశారు. తాళంచెవి జగిత్యాలకు వెళ్లిపోయింది. ఇక కంప్యూటర్ ఆపడం అసాధ్యం. ఆన్ చేయడం కూడా అసాధ్యమే, అయితే దానిమీద ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఫిర్యాదులు కంప్యూటర్‌లోనే కొట్టాలి.

శుక్రవారం పెట్టె ప్రారంభోత్సవం. "సౌలభ్యం ప్రజల హక్కు! ఆ హక్కును తాళం వేసి భద్రంగా కాపాడడం మా బాధ్యత!" అని ప్రసంగించి, అధ్యక్షుల వారు తాళం తీసి కంప్యూటర్ ఆన్ చేశారు. ఫొటో కోసం శాంతను కూర్చోబెట్టారు. పేరు అయింది, ఊరు అయింది. వయసు నలభై ఆరులో నాలుగు కొట్టిందో లేదో, కిటికీ లేచింది. శాంత చెయ్యి లేచింది. కంప్యూటర్ ఆగింది.

ఊర్మిల మళ్లీ ఆన్ చేసింది. పేరు ఉంది. ఊరు ఉంది. నాలుగు కూడా అక్కడే నిలబడి ఆరు కోసం చూస్తోంది.

"ఆఁ, గిట్లుండాలె!" అంటూ శాంత ఆరు కొట్టి దరఖాస్తు పంపేసింది.

"చూసిన్రా పెట్టె మహిమ!" అన్నారు జలపతి రావు గారు. చప్పట్లు మోగాయి.

"పెట్టె తెరిచే ఉండె గద సార్!" అన్నది శాంత. లబ్ధిదారు ఆనందం పట్టలేకపోయారని మినిట్స్‌లో నమోదైంది.

జగిత్యాలకు, కోరుట్లకు కూడా చెక్కపెట్టెలు మంజూరయ్యాయి. పెట్టె ఎలా ఉందని వందమంది అభిప్రాయం సంతకాలతో సహా తీసుకున్నారు. నూటికి నూరు మంది మంచిగున్నదన్నారు. అందులో ఒక సంతకం ఊర్మిలది. ఆమె ఉద్యోగం పొడిగింపు కాగితం అదే ఫైలులో ఉంది మరి. మిగిలిన తొంభై తొమ్మిదిలో మీ సంతకం ఎక్కడుందో తీరిగ్గా వెతుక్కోండి.